మొత్తం తొమ్మిది రావాలి

సోమవారం ఉదయం మూసాపేటలో మెట్రో ఎక్కేటప్పటికి హర్షిణి ప్లాను చాలా సింపుల్. శుక్రవారం బ్యాంకు వాళ్లకు డెమో చూపించాలి, సాయంత్రం ఉద్యోగం పర్మనెంటైన కాగితం అందుకోవాలి. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. కాగితం రాకముందే తండ్రి ఐలయ్య గల్లీ అంతా చాటింపు వేసేశాడు.

ఆమె తయారుచేసింది ఒక డిజిటల్ తాళం. దాని ప్రాణమంతా మూడువందల అంకెల ప్రధాన సంఖ్యలో ఉంది. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదు కనుకే దొంగకు లొంగదు. రాయదుర్గం ఆఫీసులో డెలివరీ హెడ్ యజ్ఞనారాయణ దాన్ని పరీక్షించారు. ఆయన పద్ధతి వేరు. కారు నంబరు, ఫోను నంబరు, ఫ్లాటు నంబరు, ఏది కూడినా తొమ్మిది రావలసిన మనిషి.

"అన్ని అంకెలూ కూడి, వచ్చిందాన్ని మళ్లీ కూడానమ్మా. ఎనిమిది తేలింది. ఎనిమిదంటే శని. బ్యాంకు వాళ్ల ముందు శనిని కూర్చోబెడతామా?"

"సార్, అది ప్రైమ్ సార్. గట్ల మార్చొద్దు."

"మొదట్లో మూడుంది కదా, నాలుగు చెయ్యి. తొమ్మిదొచ్చేస్తుంది."

"తొమ్మిదొస్తే తొమ్మిదితోని భాగం పోతది సార్. ఆరో తరగతి లెక్క."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

గంటలో గాజు గదిలో నలుగురు కూర్చున్నారు, నితీష్ నాయకత్వంలో. కూడితే తొమ్మిదొచ్చే ప్రధాన సంఖ్యను వెతికి తేవడం వాళ్ల పని.

మంగళవారం యజ్ఞనారాయణ వచ్చి నితీష్‌ను అడిగారు. "ఎన్ని దొరికాయయ్యా?"

"సున్నా సార్."

"నిన్నా సున్నాయే చెప్పావు. ప్రోగ్రెస్ ఏదీ?"

బుధవారం ఇంకో పదిమందిని ఇచ్చారు. పద్నాలుగు మంది తెచ్చిన సున్నా నలుగురు తెచ్చిన సున్నా కంటే ఏమీ పెద్దది కాలేదు. తప్పెవరిదో హెచ్‌ఆర్ తేల్చింది: హర్షిణికి నెగెటివ్ ఆటిట్యూడ్. కాగితం ఆపేశారు.

శుక్రవారం యజ్ఞనారాయణ స్వహస్తాలతో మూడును నాలుగు చేశారు. తాళాన్ని పరీక్షించడానికి బ్యాంకు తరఫున వచ్చిన తేజస్విని టీ చల్లారేలోపే తాళం ఊడదీసింది.

"ఇది తొమ్మిదితో భాగం పోతోందండీ!"

హర్షిణి ఫోను మోగింది. "బిడ్డా, పక్కా అయిందా? మిఠాయి తెచ్చిన." తండ్రి ఫోను కట్ చేసింది.

యజ్ఞనారాయణ మాత్రం చిరునవ్వు నవ్వారు. "చూశారా మేడమ్! నంబరు తప్పైతే తాళమెలా ఊడుతుందో చూపించడమే మా డెమోలో మొదటి భాగం. అమ్మా హర్షిణీ, రెండో భాగం కానివ్వు."

ఆమె నాలుగు తీసి మూడు పెట్టింది. తేజస్విని భోజనాల వేళ దాకా కుస్తీ పట్టింది. తాళం కదల్లేదు. కాంట్రాక్టు ఖాయమైంది.

సాయంత్రం యజ్ఞనారాయణ కాగితంతోపాటు కొత్త ఐడీ కార్డు కూడా ఇచ్చారు. "నీ ఎంప్లాయీ నంబరు కూడితే ఎనిమిదొస్తోందమ్మా, అందుకే ఇన్ని కష్టాలు. నేనే దగ్గరుండి తొమ్మిది చేయించాను."

గేటు మెషీన్‌కు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సోమవారం పర్మనెంటు ఉద్యోగి హర్షిణి కార్డు పెడితే, అలాంటి నంబరే లేదని ఎర్రలైటు వేసింది.

పాపం, దానికీ నెగెటివ్ ఆటిట్యూడే.