రెండు బళ్ళు, ఒక పనసపొట్టు కూర

మణిశంకర్ ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చూడటానికి చాలా సాదాసీదాగా ఉంది. మండపేట వెళ్ళాలి. రైసుమిల్లు నాగేశ్వరప్రసాద్ గారికి ఒక మరీనో బండి అమ్మాలి. సాయంత్రానికి రాజమండ్రి తిరిగొచ్చి, భార్య కౌముదిని గోదావరి గట్టు మీదికి తీసుకెళ్ళి మిరపకాయ బజ్జీలు తినిపించాలి. బజ్జీలు తింటూ, ఇన్నాళ్ళూ ఆమెకు చెప్పకుండా కడుపులో దాచుకున్న ఒక సంగతి చెప్పి, ఇక భయం లేదని కూడా చెప్పాలి.

ఆ సంగతేమిటంటే, నెలాఖరులోగా ఒక్క మరీనో అయినా అమ్మకపోతే విజయనగరం బ్రాంచికి పంపేస్తామని షోరూము మేనేజరు తేల్చేశాడు. పెళ్ళయిన మొదటి ఏడాదంతా మణిశంకర్ నెల్లూరులోనూ కౌముది రాజమండ్రిలోనూ ఉద్యోగాలు చేస్తూ, ఆదివారాలు మాత్రమే భార్యాభర్తలుగా బతికారు. నానా తంటాలూ పడి అతను రాజమండ్రిలో ఉద్యోగం సంపాదించి, దానవాయిపేటలో రెండు గదుల వాటా తీసుకుని, కాపురమంటే ఏమిటో ఇప్పుడిప్పుడే రుచి చూస్తున్నాడు. మళ్ళీ ఆదివారాల మొగుడైపోవడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు.

వచ్చిన చిక్కల్లా, అతనికి దొరికిన ఉద్యోగం కౌముది పనిచేసే షోరూముకి పోటీ షోరూములో. ఆమెది కెస్ట్రో కంపెనీ, అతనిది మరీనో. అది రెండువేల ఏడో సంవత్సరం. జీపంత ఎత్తూ కారంత నునుపూ ఉన్న ఈ రకం బళ్ళు జిల్లాలోకి అప్పుడే దిగుతున్నాయి. వాటిని అమ్మే రెండు షోరూములకూ ఒకరి నీడ ఒకరికి పడేది కాదు. శత్రువుతో కాపురం చేస్తున్న మనిషిని ఏ మేనేజరూ ఉద్యోగంలో ఉంచడు కాబట్టి, ఇద్దరూ ఆఫీసులో "మావారిది ప్రైవేటు ఉద్యోగం", "మా ఆవిడది ప్రైవేటు ఉద్యోగం" అని ఊరుకున్నారు. ఇంట్లో మాత్రం ఒక నిబంధన పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాక బళ్ళ మాట ఎత్తకూడదు.

అందుకే ఆ పొద్దున ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ చాలా పొదుపుగా ఉంది.

"ఇవాళ ద్వారపూడి వైపు వెళ్తున్నా" అన్నాడు మణిశంకర్.

"నేను రామచంద్రపురం వైపు" అంది కౌముది, పొయ్యి మీది మూకుడు వైపే చూస్తూ. మూకుట్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉంది. ఆమె గరిట పట్టుకుని ఉందే తప్ప కలపడం లేదు. నిద్ర చాలలేదేమో అనుకుని అతను తన క్యారేజీ అందుకున్నాడు. ద్వారపూడి దాటినా, రామచంద్రపురం ముందు ఆగినా తగిలేది మండపేటే అన్న భూగోళం ఇద్దరికీ తెలుసు. నిబంధన ప్రకారం ఎవరూ అడగలేదు.

మిల్లు ఆవరణలో నాగేశ్వరప్రసాద్ గారు బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు. ముప్ఫై ఏళ్ళుగా ధాన్యం కొని బియ్యం అమ్ముతున్న మనిషి. ఏ వస్తువునైనా బస్తాలోకి గొట్టం గుచ్చి గింజలు తీసి చూసినట్టే చూస్తారు.

"ఇదేంటయ్యా, జీపా, కారా?"

"క్రాసోవర్ అంటారండి. కారు సుఖం, జీపు ఎత్తు, రెండూ ఉంటాయండి."

"అంటే దేనికీ పూర్తిగా పనికిరాదన్నమాట."

ఆయన బియ్యం బస్తాలు నాలుగు డిక్కీలో వేయించి, పక్కన గొంతుక్కూర్చుని బండి ఎంత కుంగిందో చూశారు. తృప్తి పడ్డట్టే ఉన్నారు గానీ మొహంలో కనపడనివ్వలేదు. ఆ మౌనానికి మణిశంకర్ ధైర్యం జారిపోయింది. అనకూడని మాట నోటి నుంచి వచ్చేసింది.

"నిజం చెప్పేస్తానండి. ఇది అమ్మకపోతే నన్ను విజయనగరం పంపేస్తారు. కొత్తగా కాపురం పెట్టుకున్నామండి."

"అయ్యో పాపం" అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు, ఆ సంగతిని గోడౌనులో వేసుకుని తాళం పెట్టుకుంటూ. "ఆ కెస్ట్రో వాళ్ళని కూడా రమ్మన్నాలే. పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది కదా."

ఊక దుమ్ము లేపుకుంటూ గేట్లోంచి ఎర్ర కెస్ట్రో వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుని కౌముది దిగింది. మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకుని, ఆ జన్మలో అదే మొదటిసారి కలుసుకున్నట్టు చేతులు జోడించారు.

"నమస్కారమండి."

"నమస్కారం మేడమ్."

మొదటి అరగంటా ఇద్దరూ ఉద్యోగధర్మం పాటించారు. కొంచెం ఎక్కువే పాటించారు కూడా.

"కెస్ట్రోకి వెనక తలుపు మీద స్టెప్నీ తగిలించారండి. చూడ్డానికి మూపురంలా లేదూ?" అన్నాడు మణిశంకర్.

"మరీనోకి మొహమే లేదండి. ముందెటో వెనకెటో దగ్గరికొస్తే గాని తెలీదు" అంది కౌముది. "పైగా చిన్న ఇంజను. నలుగురెక్కి ఏసీ వేస్తే వంతెన ఎక్కే ముందు ఆలోచించుకుంటుంది."

"జిల్లాలో ఎక్కువ అమ్ముడైంది మాదేనండి."

"అందులో సగం మీ కంపెనీ వాళ్ళే వాడుకుంటున్నారటగా?"

ఈ మాట ఇంటి గుమ్మం లోపల అని ఉంటే రాత్రి భోజనాలు ఉండేవి కావు. అరుగు మీద కూర్చుని చూస్తున్న నాగేశ్వరప్రసాద్ గారి భార్య మీనాకుమారి గారు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

"ఏది కొంటే ఏంటమ్మా? ఏదైనా మిల్లు గేటు దగ్గరే నిలబడుతుంది. నేను పాలకొల్లు గుడికి వెళ్ళాలంటే మళ్ళీ బస్సే" అన్నారావిడ.

నాగేశ్వరప్రసాద్ గారు ఆ మాట వినపడనట్టు కౌముదితో కెస్ట్రో ఎక్కి కాలువ గట్టు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చారు. తర్వాత మణిశంకర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, మరీనో తానే నడుపుతూ మళ్ళీ అదే గట్టెక్కారు. కొంత దూరం పోయాక తీరిగ్గా మొదలుపెట్టారు.

"ఆ అమ్మాయి ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదట. ఈ బండి అమ్ముడవకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదన్నారట. పాపం, ఇంట్లో కూడా చెప్పుకోలేదట. నాకు జాలేసి కెస్ట్రో తీసుకుందామనుంది. నువ్వేమైనా తగ్గిస్తే చెప్పు, నీ మీద జాలి పడతాను."

మణిశంకర్‌కి పొద్దుటి మూకుడు గుర్తొచ్చింది. కలపకుండా పట్టుకున్న గరిట గుర్తొచ్చింది. నిద్ర చాలలేదనుకున్న తన తెలివికి తన మీద తనకే కోపం వచ్చింది. అతను నెల్లూరులో ఉన్న ఏడాదీ ఆ ఉద్యోగాన్ని నమ్ముకునే ఆమె ఒంటరిగా నెట్టుకొచ్చింది. కారు నడపడం నేర్చుకున్న రోజు ఫోన్లో గంటసేపు మాట్లాడింది. విజయనగరమైతే విజయనగరం, బస్సులున్నాయి, ఆదివారాలున్నాయి. ఆమె ఉద్యోగం పోకూడదు.

"సార్, ఒక మాట చెప్తానండి. మావాళ్ళకి చెప్పకండి. ఈ బండి మీకొద్దండి."

నాగేశ్వరప్రసాద్ గారు బ్రేకు వేశారు.

"ఇంజను చిన్నదన్న మాట నిజమేనండి. కెస్ట్రో గట్టి బండి. ఆ స్టెప్నీ కూడా, చూడగా చూడగా, బండికి ఒక హుందా ఇస్తుందండి."

ఇలాంటి మాట విని సంతోషించడానికి నాగేశ్వరప్రసాద్ గారు మామూలు మనిషి కారు. తన సరుకుని తానే తిట్టుకున్న రైతుల్ని ఆయన సర్వీసులో ఇద్దర్నే చూశారు. ఆ ఇద్దరూ అప్పటికే అదే ధాన్యాన్ని అవతలి మిల్లుకి మాటిచ్చి వచ్చినవాళ్ళే. అంటే ఈ మరీనో కూడా ఎవరికో మాటిచ్చేశారు. ఎవరికై ఉంటుంది? అవతలి మిల్లు తాతాజీకి తప్ప ఇంకెవరికి? ఆయన "ఊఁ" అని మాత్రం అని బండి వెనక్కి తిప్పారు.

మిల్లుకి చేరేసరికి కౌముది ఎదురొచ్చింది. ఆమె కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి.

"బాబాయిగారూ, మీరు మరీనోనే తీసుకోండి. కెస్ట్రో మీకు సరిపడదు."

"అదేంటి మేడమ్?" అన్నాడు మణిశంకర్ కంగారుగా. "కెస్ట్రోకేం, బంగారంలాంటి బండి."

"మీకు తెలీదు, మీరూరుకోండి. మరీనో మైలేజీ ముందు మాదెందుకూ పనికిరాదు."

"మైలేజీదేముందండి, కాయితం మీద మాట. కెస్ట్రో మొహం చూడండి, ఎంత కళగా ఉందో."

"మొహంతో పనేంటండి? జిల్లాలో ఎక్కువ అమ్ముడైంది మీదే కదా!"

ఇద్దరూ గొంతులు పెంచారు. హమాలీలు బస్తాలు దించి మరీ చూస్తున్నారు. తాతాజీ ఒక బండి కాదు, రెండు బళ్ళకీ మాట పుచ్చుకున్నాడని నాగేశ్వరప్రసాద్ గారికి రూఢి అయిపోయింది. ఆయన విసవిసా ఆఫీసు గదిలోకి వెళ్ళి, రెండు షోరూములకూ ఫోన్లు చేసి, బయటికొచ్చి, అరుగు మీద కూర్చున్నారు.

ముందు మణిశంకర్ సెల్‌ఫోన్ మోగింది. మేనేజరు.

"ఏం మంత్రం వేశావయ్యా ఆయనకి? మరీనో నాకు కాకుండా ఇంకొకరికి ఎలా ఇస్తారో చూస్తానని అరిచాడు. డిస్కౌంట్ మాట కూడా ఎత్తలేదు."

అతను జవాబు చెప్పేలోగా కౌముది ఫోన్ మోగింది. ఆమె "అవును సార్, కాదు సార్" అంటూ అయోమయంగా భర్త వైపు చూసింది.

"రెండిట్లో ఏదో ఒకటి ఖాయం" అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు. "ఏదన్నది భోజనాలయ్యాక చెప్తాను."

"క్యారేజీలు తెచ్చుకున్నామండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మా గుమ్మంలోకొచ్చి క్యారేజీలేంటి? సరే, తెచ్చినవి పారేస్తామా, అవీ తీసుకురండి, తలా కాస్త వేసుకుందాం" అన్నారు మీనాకుమారి గారు.

క్యారేజీలు విప్పారు. ఇందులోనూ పనసపొట్టు, అందులోనూ పనసపొట్టు. మీనాకుమారి గారు ఒక్క క్షణం ఆగి, సీజను కదా అనుకున్నారు. ఇందులోంచి కాస్త నోట్లో వేసుకున్నారు. అందులోంచి కాస్త నోట్లో వేసుకున్నారు. తర్వాత చెయ్యి కడుక్కుని, తీరిగ్గా కుర్చీ లాక్కున్నారు.

"ఒకేరోజు రెండిళ్ళలో పనసపొట్టు వండుకోవచ్చు. రెండిళ్ళలోనూ ఆవ పెట్టుకోవచ్చు. కానీ రెండిళ్ళలోనూ ఉప్పు వెయ్యడం మర్చిపోరు. మీ పెళ్ళెప్పుడైంది నాయనా?"

మణిశంకర్ తల దించుకున్నాడు. కౌముది తల దించుకోలేదు. ఇంతసేపూ పట్టి ఉంచిన దుఃఖం ఒక్కసారి తన్నుకొచ్చి భర్త మీదికి తిరిగింది.

"విజయనగరం సంగతి నాకెందుకు చెప్పలేదు? ఈయన చెప్తే తెలుసుకోవాలా నేను?"

"నువ్వు మాత్రం చెప్పావా? పర్మనెంట్ కాలేదని నాకూ ఈయనే చెప్పారు."

"చెబితే మీరు బెంగ పెట్టుకుంటారని."

"నేనూ అందుకే."

నాగేశ్వరప్రసాద్ గారికి లెక్క ఇప్పుడు తెలిసింది. తెలిసిన కొద్దీ ఉత్సాహం తగ్గింది.

"అంటే ఒకళ్ళ కోసం ఒకళ్ళు సొంత బళ్ళని తిట్టుకున్నారన్నమాట. తాతాజీకి ఏ బండీ దాచడం లేదు."

"లేదండి" అన్నాడు మణిశంకర్.

"మరైతే నాకు తొందరేముంది? దసరా వెళ్ళాక చూద్దాంలే."

మణిశంకర్ గుండె జారి విజయనగరంలో పడింది. కౌముది క్యారేజీ గిన్నెలు చప్పుడు కాకుండా పేర్చడం మొదలుపెట్టింది. అతను కూడా వంగి మూత అందించాడు. ఎవరికి ఏమైనా సాయంత్రం బజ్జీలు మాత్రం తినాలని, అక్కడే అన్నీ చెప్పుకోవాలని నిశ్చయించుకున్నాడు.

"గిన్నెలు కింద పెట్టమ్మా" అన్నారు మీనాకుమారి గారు. "ఏమండీ, పోయినేడు రెండు లారీలు కొన్నప్పుడు నన్నడిగారా?"

"లారీలు వ్యాపారానికే."

"ట్రాక్టరు?"

"అదీ వ్యాపారానికే."

"నేను పాతికేళ్ళుగా పాలకొల్లు బస్సులో నిలబడి వెళ్తోంది ఏ వ్యాపారానికి?"

నాగేశ్వరప్రసాద్ గారు మజ్జిగ గ్లాసు వైపు చూశారు. మీనాకుమారి గారు ఆగలేదు.

"ఒక బండి కొంటే ఈ పిల్లల్లో ఒకరు విజయనగరం పోతారు, లేకపోతే ఒకరు ఇంట్లో కూర్చుంటారు. మన ఇంట్లో కంచం ముందు కూర్చున్నవాళ్ళు ఏడుస్తూ లేవడానికి వీల్లేదు. మిల్లుకి మరీనో, ఇంటికి కెస్ట్రో. నాకా స్టెప్నీ నచ్చింది."

"నీకు డ్రైవింగ్ రాదుగా?"

"ఈ అమ్మాయి నేర్పుతుంది. ఏమ్మా, నేర్పుతావా?"

"నేర్పుతానండి" అంది కౌముది, ఏడుస్తూ నవ్వుతూ.

"మిమ్మల్ని నమ్మి ఫోన్లో డిస్కౌంట్ కూడా అడగలేదురా నేను" అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు దీనంగా. ఆ పూట ఆయన మీద జాలిపడ్డవాళ్ళు ఎవరూ లేరు.

సాయంత్రం గోదావరి గట్టు మీద బజ్జీలు వేడిగానే ఉన్నాయి. చెప్పుకోవలసిన సంగతులు ఇద్దరికీ అయిపోయాయి కాబట్టి ఎక్కువసేపు నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. మణిశంకర్‌కి చాలా కాలం తర్వాత మర్నాడు ఏ వారమో లెక్క వేసుకోవాలనిపించలేదు.

వారం తిరక్కుండా కౌముది ఉద్యోగం పర్మనెంట్ అయింది. మణిశంకర్ విజయనగరం ప్రయాణం రద్దయింది. నాగేశ్వరప్రసాద్ గారు సగం కథే చెప్పారు కాబట్టి, సొంత బండిని తిట్టి అమ్మే పద్ధతిని మిగతా కుర్రాళ్ళకి కూడా నేర్పమని మేనేజరు అతన్ని పట్టుకున్నాడు. ఇంట్లో బళ్ళ మాట ఎత్తకూడదన్న నిబంధన అలాగే ఉంది. క్యారేజీ కట్టే ముందు ఉప్పు చూడాలన్న నిబంధన కొత్తగా చేరింది.