జంగయ్య కూర్చున్న సాక్ష్యం

ఎల్లేశం పెండ్లాన్ని నరికి ఉడకబెడుతున్నాడని గుర్వమ్మ కళ్ళారా చూసినట్టే చెప్పిందట. ఆమెకు మాత్రం బావి కాడ ఎవరో అన్నారట. ఆనవాళ్ళు మూడు. అతని పెండ్లాం సోమమ్మ ఎనిమిది రోజులుగా కనబడటం లేదు. ఇంట్లోంచి ఒకటే రంపం చప్పుడు. పొద్దుటి నుంచి ముక్కు పగిలే కంపు.

"పాలమూరు జిల్లల నేరం జేసేటోడు ముందుగాల నా మొకం జూసి భయపడాలె," అని హెచ్చెస్సీ పరీక్ష తప్పి, ఊరికి డిటెక్టివ్‌నని చెప్పుకు తిరిగే జంగయ్య ప్రకటించాడు. "ఇది మెదడు గాదు భీమయ్యా, చెకుముకి రాయి!"

ఆ రాయి నుంచి నిప్పు రాలగా భీమయ్య ఇంతవరకు చూడలేదు. పోయిన నెల తప్పిపోయిన మేక కోసం జంగయ్య అతన్ని మూడు ఊళ్ళు తిప్పాడు. మేక జంగయ్య పెరట్లోనే ఉంది. కానీ సోమమ్మ భీమయ్యకు వరసకు చెల్లెలు. తల్లిగారింటికి పోయిందని ఎల్లేశం చెప్పిన మాట నిన్నటిదాకా నమ్మాడు. ఇప్పుడు జంగయ్య వెంట నడిచాడు.

డిటెక్టివ్‌కు ఓవర్‌కోటు ఉండాలని జంగయ్య ఎక్కడో చదివాడు. కొత్తకోటలో అది దొరకదు గనక మిట్టమధ్యాహ్నం ఎండలో గొంగడి కప్పుకున్నాడు.

తలుపు తీసిన ఎల్లేశం చేతుల నిండా ఎర్రటి పొట్టు. పొయ్యి మీద కుండ కుతకుతలాడుతోంది.

"కదలకు! కుండల ఏముంది?"

"తోలు."

భీమయ్య గోడ పట్టుకున్నాడు.

"ఎవలిది?" గర్జించాడు జంగయ్య.

"బర్రెది. వడ్లోళ్ళు కట్టె అతికిచ్చే జిగురన్నా, తోలు ముక్కలు ఉడకవెడితె వస్తది. జర బయట కూసోండ్రి. సోమమ్మ మూడు గంటల బస్సుకు వస్తాంది."

"సచ్చినోళ్ళు బస్సెక్కరు!"

"సచ్చుడేంది? అలిగి పోయింది."

ఇంట్లో సగం అల్లిన మంచం, సగం కట్టిన కోళ్ళగూడు. ఒక్క పనైనా పూర్తిగా చేసి చూపిస్తే తప్ప గడప తొక్కనని సోమమ్మ ఒట్టు పెట్టుకుందట. హైదరాబాదులో ఒక డాక్టరమ్మ వంటింట్లో ఎల్లేశం ఒక పలక చూశాడు, కూరగాయలు పెట్టి చాకుతో కోసుకునేది. టేకు, సండ్ర, వేప బద్దలు పక్కపక్కన అతికిస్తే పోచంపల్లి అంచులా చారలు. అలాంటిదే చేసి సోమమ్మకు చూపించాలనుకున్నాడు.

"మూడు చేసిన, మూడూ అతుకులు ఇడిసిపోయినయ్. గిదే ఆఖరుది. అతుకు ఆరేదాక బరువు పెట్టాలె..."

"కట్టుకథ బంజెయ్!"

విచారణ జరపాలంటే డిటెక్టివ్ కూర్చోవాలి. నేల మీద చారల పీట కనబడింది. మన ఊళ్ళలో పీట కనబడితే మనిషి చేసే పని ఒక్కటే. జంగయ్య గొంగడి పైకెత్తి, ధోవతితో నిండుగా కూలబడ్డాడు. అతుకుల్లోంచి ఉబికిన జిగురు ఇంకా తడిగానే ఉంది.

"అన్నా, అది..."

"నోర్ముయ్! కేసు తేలేదాక ఈడికెల్లి లేవ."

ఆయన జీవితంలో నిజమైన మాట అదొక్కటే.

ఎల్లేశం మొదట ఏడ్చాడు. తర్వాత ఆ బరువు కింద బద్దలు కదలకుండా ఉండటం గమనించాడు. అప్పటి నుంచి ప్రతి ప్రశ్నకూ జవాబు సాగదీశాడు. తన తాత పుట్టుక నుంచి మొదలుపెట్టాడు.

బస్సు హారను మోగింది. కాసేపటికి గడప అవతల సోమమ్మ, చంకలో మూటతో.

హతురాలిని చూసి జంగయ్య గభాలున లేచాడు. పలక కూడా లేచింది. ఒక్క బద్ద విడలేదు.

"దొరికింది! నా మెదడంటె ఏమనుకున్నరు!"

భీమయ్య కళ్ళు తుడుచుకున్నాడు. సోమమ్మ గడప అవతలి నుంచే వంగి, జంగయ్య వెనక వేలాడుతున్న పలకను గోటితో కొట్టి చూసింది. అతుకు అతుకునా వేలు రాసింది. ఆమె గడప దాటి మూట లోపల పెట్టింది.

"పని పురాగ చేసినవ్," అంది మొగుడితో. "గని, మనిషినెందుకు అతికించినవ్?"