ఆర్వోకి పడ్డ ఒక్క ఓటు

ఆ మంగళవారం ఆర్వో లాహ్తి పెట్టుకున్న పని ఒక్కటే. ఊరి పాలన చూసే టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్ళి కుక్క లైసెన్సు కొత్తది తీసుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. భార్య ఎల్మా ఆ రోజు మాంసం, బంగాళదుంపలు కూరి పాస్టీలు చేస్తానంది. పాస్టీలున్న రోజున ఆర్వో బయట పనులు పెంచుకోడు.

కానీ ఆఫీసు నోటీసు బోర్డు మీద నవంబరు ఎన్నికల ఫలితాలు ఇంకా వేలాడుతున్నాయి. పార్కు కమిషనర్: డ్వేన్ మాకీ, ముప్ఫై ఒకటి. ఆర్వో లాహ్తి, ఒకటి. ఓడిపోయిన సంగతి ఆర్వోకి నెల కిందటే తెలుసు. ఎన్ని ఓట్లొచ్చాయని అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

నిజానికి ఆ పదవికి బ్యాలెట్ మీద ఎవరి పేరూ అచ్చు వేయలేదు. ఖాళీ గీత మీద ఓటరే పేరు రాసి, పక్కనున్న చిన్న సున్నాని పెన్నుతో నల్లగా నింపాలి. సరస్సు దగ్గర పార్కు కమిషనర్ చూసుకోవాల్సిన పడవల రేవులో రెండు చెక్కలు ఊడిపోయి మూడేళ్ళయింది. వడ్రంగం చేసిన చేతులు గనక ఆర్వోకి అవి నిద్ర పట్టనివ్వలేదు. ఆ పదవికి పోటీలో పేరు నమోదు చేయించుకుని, రెండు వందల చీటీలు అచ్చు వేయించి ఊరంతా పంచాడు. "నచ్చినవారి పేరు రాయండి. పక్కనున్న సున్నా తప్పక నింపండి. నింపకపోతే ఓటు చెల్లదు." అంతే. తన పేరు మాత్రం ఎక్కడా వేసుకోలేదు. సొంత డబ్బా కొట్టుకోవడం లాహ్తిల ఇంటా వంటా లేదు.

ఓటమికి అతనేమీ బాధపడలేదు. బాధంతా ఆ ఒక్క ఓటుతోనే. అది అతనే వేసుకున్నాడు. "ఎవరికి వాళ్ళు ఓటేసుకుంటారా, సిగ్గులేకపోతే సరి" అని ఎల్మా దగ్గర గట్టిగా అన్నవాడే, తెర చాటుకి వెళ్ళేసరికి మనసాగక తన పేరు రాసుకున్నాడు. మరి ఎల్మా ఓటేమైనట్టు?

భోజనాల దగ్గర ఆ మాట కదిపాడు. "ఫలితం చూశాను. ఒక్కటొచ్చింది."

"ఒక్కటేనా? అయ్యో, అయితే అది నాదే" అంది ఎల్మా, రెండో పాస్టీ వడ్డిస్తూ.

అది నీది కాదు, నాది అనాలంటే తను వేసుకున్నట్టు ఒప్పుకోవాలి. ఆర్వో రెండో పాస్టీ పక్కకి నెట్టేశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పిందే అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున్నే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. పార్కు కమిషనర్ ఓట్లున్న బ్యాలెట్ల నకళ్ళు కావాలని.

క్లర్కు డార్లీన్ దాన్ని రెండుసార్లు చదివింది. "ఎందుకని అడగకూడదండీ, చట్టం ఒప్పుకోదు. అందుకని అడగను. ఇంతకీ ఎందుకండీ?"

"ఊరికే."

"ఊరికే అయితే అయిదు పని దినాలు పడుతుంది."

డార్లీన్‌కి ఒక అలవాటు. ఆఫీసుకి ఏ కాగితమొచ్చినా ఒక నకలు బోర్డుకి గుచ్చుతుంది. మధ్యాహ్నానికల్లా ఆర్వో దరఖాస్తు ఊరంతా చదివేసింది. ఆ ఊరివాళ్ళు మంచుతుఫానుకైనా తట్టుకుంటారు గానీ, ఎదుటి మనిషి చిన్నబోతే చూడలేరు.

ఇనప సామాన్ల కొట్టు వాల్ట్ ఆర్వో భుజం తట్టాడు. "ఒరేయ్, బెంగ పెట్టుకోకు. ఆ ఒక్కటీ నేనేశాను."

బేకరీలోనూ అదే మాట, పెట్రోలు బంకులోనూ అదే మాట. శుక్రవారానికి ఆ ఒక్క ఓటూ వేసినవాళ్ళు తొమ్మిది మంది తేలారు. వాళ్ళలో పక్క టౌన్‌షిప్‌లో ఓటున్న పాస్టరు గారు కూడా ఉన్నారు.

తీరా బ్యాలెట్లు బయటికొస్తున్నాయని గుర్తొచ్చాక ఆ తొమ్మిది మందికీ దడ పట్టుకుంది. చేతిరాతలు ఎవరివో తెలిసిపోతాయేమో! బ్యాలెట్ మీద ఓటరు పేరుంటుందా, రాత పోల్చే వీలుంటుందా అంటూ ఒక్కొక్కరే దరఖాస్తులు పెట్టారు. డార్లీన్ అన్నీ బోర్డుకి గుచ్చింది. గెలిచిన డ్వేన్ అవి చూసి, తనని దింపడానికి ఊరంతా ఏకమైందనుకుని, ఆ పది దరఖాస్తుల నకళ్ళు కావాలని పదకొండోది పెట్టాడు. దాంతో డార్లీన్‌కి ఒళ్ళు మండి, అయిదు దినాల గడువు సంగతి పక్కన పెట్టి, "సోమవారం పదింటికి అందరూ కలిసి వచ్చి చూసుకోండి" అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది.

ఇంట్లో ఆర్వో తన కాఫీ తనే కాచుకుంటున్నాడు. శనివారం ఎల్మా ఎప్పటిలాగే ఆవిరిస్నానానికి సౌనా గది రాజేసి పిలిస్తే, "నువ్వెళ్ళు, నాకు పనుంది" అన్నాడు. పెళ్ళయ్యాక వాళ్ళు విడివిడిగా సౌనాకి వెళ్ళడం అదే మొదలు.

"నా మీద కోపమెందుకయ్యా?"

"కోపమేం లేదు."

"ఆ ముక్కే కోపంగా అంటున్నావు" అని తువ్వాలు భుజానేసుకుని ఆమె ఒంటరిగా వెళ్ళింది.

సోమవారం అందరూ చేరారు. ఎల్మా యాలకుల రొట్టె చేసి మరీ తెచ్చింది. డార్లీన్ బల్ల మీద నకళ్ళు పరిచింది. డ్వేన్‌కి పడ్డవి ముప్ఫై ఒకటి. ఆర్వో చీటీ పుణ్యమా అని ఒక్క సున్నా కూడా ఖాళీగా లేదు. ముప్ఫై రెండోది ఆర్వో పేరుతో ఉంది. గుండ్రటి అక్షరాలు, చివర మెలిక తిరిగిన తోక. ఎల్మా పంచే జాము సీసాల మీద ఆ రాత ఊళ్ళో అందరూ చూసిందే.

తొమ్మిది మందీ పైకప్పు పరిశీలించడం మొదలెట్టారు. "వేద్దామనే అనుకున్నాన్రా" అని వాల్ట్ నసిగాడు.

ఆర్వో ఆ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అది ఎల్మాదైతే తనదేమైంది?

"ఇంకొకటుంది. చెల్లనిది" అని డార్లీన్ మరో కాగితం తీసింది. వడ్రంగి బద్ద పెట్టి గీసినట్టు నిటారు అక్షరాలు. ఆర్వో లాహ్తి. పక్కన సున్నా తెల్లగా, ఖాళీగా ఉంది.

"పాపం, ఎవరోగానీ ఆ చీటీ చదివినట్టు లేదు" అన్నాడు డ్వేన్ జాలిగా.

"ఎవరిదో చెప్పాల్సిన పని లేదండీ. ఓటు రహస్యం" అంది డార్లీన్.

ఆర్వో ఎల్మా వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది నాది" అన్నాడు. "నేనే వేసుకున్నాను. అందుకే ఆ ఒక్కటీ నీది కాదనుకున్నాను. తప్పయిపోయింది ఎల్మా."

ఎల్మా ఆ ఖాళీ సున్నా మీద వేలు పెట్టింది. "మొన్న శనివారం సౌనాలో ఒక్కదాన్నే కూర్చున్నాను" అంది. ఆ గొంతు విని ఆర్వో తల దించుకున్నాడు. ఆమె రొట్టె కోసి మొదటి ముక్క అతని చేతిలో పెట్టింది. డ్వేన్ గొంతు సవరించుకుని, రేవు చెక్కలు బిగించడం తనకి రాదనీ, ఆర్వో వస్తే బాగుంటుందనీ అడిగాడు.

సాయంత్రానికి డార్లీన్ పదకొండు దరఖాస్తులూ బోర్డు మీంచి తీసేసి, కొత్తది ఒకటి గుచ్చింది. చెల్లని ఆ బ్యాలెట్ నకలు వీలైనంత పెద్ద సైజులో కావాలని ఎల్మా అడిగింది. కారణం చెప్పనక్కరలేదని చట్టంలో ఉన్నా ఆమె దాచుకోలేదు, "ఫ్రిజ్ తలుపుకి" అని రాసింది.