నల్లగుడ్డ, గడియ లేని తలుపు

త్రినాథరావు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానాలగదిని చీకటి చెయ్యాలి, ఒక ఫిల్ము కడగాలి, పదింటికల్లా ఇడ్లీ తినాలి. లోకంలో ఇంతకన్నా నిరపాయమైన కోరిక ఉంటుందా? కానీ ఆ రోజు నవంబరు ఒకటి, అదీ రెండువేల పది. ఆఫీసుకు సెలవు పెట్టిన మనిషి క్యాలెండరు కూడా ఒకసారి చూసి ఏడిస్తే బాగుండేది.

ఆ ఫిల్ము పోస్టుకార్డంత ఉంటుంది. మూడుకాళ్ళ పాత చెక్క కెమెరాలో ఒకసారికి ఒకటే పడుతుంది. పెట్టెలో మిగిలిన ఆఖరిది అదే. అందులో ఉన్నది ఆయన భార్య లలితకుమారి. పెళ్ళి ఆల్బంలో ప్రతి ఫొటోలోనూ కళ్ళు మూసుకునే ఉందని ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళుగా కెమెరా ముందుకు రాలేదు. కాళ్ళావేళ్ళా పడితే మొన్న ఆదివారం డాబా మీద కూర్చుంది.

"ఇదే మొదలు, ఇదే ఆఖరు. చెడగొట్టారో, మళ్ళీ నా దగ్గర కెమెరా మాటెత్తొద్దు" అని ముందే చెప్పింది.

కడిగేటప్పుడు రవ్వంత వెలుతురు తగిలినా ఫిల్ము నల్లబడిపోతుంది. స్నానాలగది వెంటిలేటరేమో వీధివైపుంది. అందుకని కెమెరా మీద కప్పుకునే నల్లగుడ్డను బట్టలారేసే కర్రకు కట్టి, పక్క బాల్కనీలోంచి చెయ్యి చాపి వెంటిలేటరు మీద వేలాడదీశాడు. ఇక తలుపు. దాని గడియ ఊడి ఆర్నెల్లయింది. బిగించమని ఆవిడ అంటూనే ఉంది, "ఆదివారం" అని ఈయన అంటూనే ఉన్నాడు. తలుపు వెనక బకెట్టు పెట్టి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కాడు.

"ఎనిమిది నిమిషాలు. ఇల్లు తగలబడినా తలుపు తియ్యొద్దు!" అని లోపలి నుంచి అరిచాడు.

"ఇడ్లీ చల్లారిపోతే నన్ననొద్దు" అంది లలితకుమారి.

కింద ఇంటి ఓనరు భిక్షపతి గేటుకు నల్లజెండా కడుతున్నాడు. తెలంగాణను ఆంధ్రలో కలిపిన రోజని చైతన్యపురిలో ఉద్యమకారులు ఇంటింటికీ నల్లజెండాలు కడుతున్నారు. ఆయన తలెత్తి చూసేసరికి గుడివాడ నుంచి వచ్చి కిరాయికుంటున్న సారు వాటాలో కర్రకు కట్టిన నల్లగుడ్డ గాలికి రెపరెపలాడుతోంది.

"సూడుండ్రి! సారు నాకన్న పెద్దది కట్టిండు!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. పదిమందిని వెంటేసుకుని, పూలదండ పట్టుకుని మెట్లెక్కాడు. వెనకాలే లోకల్ విలేకరి స్టీవెన్, మెడలో కెమెరా.

"అమ్మా, సారేడి?"

"బాత్రూంలో చీకట్లో ఉన్నారండీ. తలుపు తియ్యకూడదు." తన ఫొటో సంగతి చెప్పడానికి లలితకుమారికి సిగ్గేసింది. "ఆయనకదో నియమం లెండి. ఎనిమిది నిమిషాలు."

"దీక్షల కూసున్నడు!" అని భిక్షపతి వెనక్కి తిరిగి ప్రకటించాడు. "జై తెలంగాణ!" అని మెట్లన్నీ దద్దరిల్లాయి.

లోపల త్రినాథరావు సెకన్లు లెక్కపెడుతున్నాడు. నూట యాభై దాకా వచ్చిన లెక్క కాస్తా నినాదాల్లో కలిసిపోయింది. ఒళ్ళు మండిపోయింది.

"ఎవరయ్యా అది? పొండి! తలుపు తియ్యొద్దు!" అని వణికిపోతూ అరిచాడు. వణికింది కోపంతో. భిక్షపతికి అది ఆంధ్ర నుంచి వచ్చినవాడి భయంలా వినిపించింది.

"అయ్యో సారూ, పరేషాన్ గాకుండ్రి! మీకేమైతది, మేం లేమా?"

"భయం కాదయ్యా బాబూ! వెలుతురు రాకూడదు!"

"గట్లంటే ఎట్ల సారూ? ఎన్నిరోజులని చీకట్ల ఉంటరు? బయటికి రాండ్రి!"

లలితకుమారి "వద్దండీ" అనేలోపు భిక్షపతి తలుపు తోశాడు. బకెట్టు దొర్లింది. గదంతా ఎండ. లుంగీ, పచ్చ రబ్బరు గ్లవుజులు, చేతిలో మందునీళ్ళు కారుతున్న ఫిల్ము. అది కళ్ళముందే నల్లబడింది, ఆ వెంటనే మెడలో దండ పడింది. ఆ అవతారం చూసి లలితకుమారి నవ్వాపుకోలేక మొగుడి భుజం పట్టుకుంది. స్టీవెన్ క్లిక్కుమనిపించాడు.

"సర్వనాశనం చేశారు కదయ్యా! ఈవిడ ఫొటో కోసం ఇరవై ఎనిమిదేళ్ళు కాచుకున్నాను!" త్రినాథరావు ఆ నల్లటి ఫిల్మును భిక్షపతి మొహం ముందు ఆడించాడు.

సంగతి అర్థమై భిక్షపతి తల దించుకున్నాడు. "తప్పైంది సారూ." వెంటిలేటరు వైపు చూస్తూ మెల్లగా అడిగాడు. "మరి జెండా తీసేస్తరా?"

"ఉంచుకోండి! ఇంకెందుకది నాకు!"

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఆ ఫొటో వేశారు: 'నల్లజెండా ఎగరేసిన ఆంధ్ర దంపతులు.' పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి బావమరిది నాగార్జున ఫోను.

"ఏంటి బావా ఇది? చుట్టాలంతా నన్ను తగులుకున్నారు!" అని మొదలెట్టి, అంతలోనే గొంతు తగ్గించాడు. "అయినా అక్క ఇంత బాగుంటుందా ఫొటోలో?"

లలితకుమారి ఆ ముక్క కత్తిరించి, పటం కట్టించమని మొగుడి చేతిలో పెట్టింది.

"చూడండి, కళ్ళు తెరిచే ఉన్నాను. ఆ విలేకరి అబ్బాయి మీలా ఒక్కసారైనా కదలొద్దన్నాడా?"

త్రినాథరావు లేచి, స్క్రూడ్రైవరు వెతికి, స్నానాలగది తలుపుకు గడియ బిగించాడు. ఈసారి ఆదివారం దాకా ఆగలేదు.