వదినగారి గొంతు సమస్య

ఆడదాని స్థానం ఇల్లేనని దేశానికి నచ్చజెప్పాలంటే, ఎవరో ఒక ఆడమనిషి ఇల్లు వదిలి ఊరూరా తిరగక తప్పదు. సంప్రదాయ రక్షణ పార్టీలో ఆ భారం మహిళా విభాగం అధ్యక్షురాలి మీద పడింది. పార్టీలో అందరూ ఆమెను వదినగారు అనేవారు. (మగ నాయకులకు హోదా, ఆడ నాయకులకు చుట్టరికం అన్నది పార్టీ నియమం. ఆడమనిషిని హోదాతో పిలిస్తే ఓటరు జడుసుకుంటాడట.)

వదినగారు చెప్పేది మనసారా నమ్మేవారు. "తల్లి వంటింట్లో ఉంటేనే దేశం నిలబడుతుంది" అని ఆమె అన్న చోటల్లా పార్టీ గెలిచింది. ఆ సమయంలో ఆమె వంటింట్లో భర్త ఉండేవారు. ఆయన లెక్కల మాస్టారు. బడి నుంచి వచ్చి కూరలు తరిగి, పిల్లల చేత పాఠాలు చదివించి, టీవీలో భార్య ప్రసంగం విని, "ఇవాళ బాగా చెప్పింది" అనుకుంటూ అంట్లు తోముకునేవారు.

ఒకరోజు ప్రచార కార్యదర్శి కెమెరాతో వచ్చి, పొయ్యి దగ్గర ఫొటో కావాలన్నాడు.

"ఏమండీ, ఈ గరిటె ఎటు తిప్పాలి?" అన్నారు వదినగారు.

"ఎడమకి. ముందు గిన్నె మీద మూత తియ్యి" అన్నారు మాస్టారు, ఫొటోలో పడకుండా గోడకి అతుక్కుని.

మూత తీసేలోపే ఫొటో తీసేశాడు. అందులో వదినగారు చిరునవ్వుతో మూత మీద గరిటె తిప్పుతున్నారు. మర్నాడు సమానత్వ పార్టీ ప్రతినిధి, "వంట రానామె రాజకీయం ఏం చేస్తుంది?" అని నిలదీశాడు. (స్త్రీపురుష సమానత్వానికి ఆ పార్టీ జెండా మీద చోటిచ్చారు. కార్యవర్గంలో ఖాళీ లేకపోయింది.)

ఇంతలో పార్టీ అధ్యక్షుడు మంచాన పడ్డారు. ఆ పదవికి వదినగారూ, నిలబడ్డ ప్రతిచోటా ఓడిపోయిన ఒక నాయకుడూ పోటీపడ్డారు. ఆయన్ని అందరూ గర్జన అంటారు. పెద్దల ముందు గర్జన బల్ల గుద్దాడు, అరిచాడు, చివర్లో వెక్కివెక్కి ఏడ్చాడు. గుండె ఉన్న నాయకుడని పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత వదినగారు లేచి, తను గెలిపించిన ఊళ్ళ గురించి చెప్పసాగారు.

"కొంచెం గొంతు తగ్గించమ్మా. ఆవేశం పనికిరాదు" అన్నారు ముందు వరసలో పెద్దాయన.

ఆమె తగ్గించారు.

"వినపడట్లేదమ్మా. నాయకత్వం అన్నాక గొంతుండాలి" అన్నారు వెనక వరసలో పెద్దాయన.

ముందు వరసకీ వెనక వరసకీ ఒకేసారి నచ్చే గొంతు కోసం ఆమె కాసేపు వెతుక్కున్నారు. దొరకలేదు.

చివరికి ఉపాధ్యక్షుడు మెత్తగా అన్నాడు. "మీ అంత పనిమంతులు పార్టీలో లేరు వదినగారూ. కానీ మిమ్మల్ని ఇంటికి దూరం చేసిన పాపం మాకెందుకు? తల్లి వంటింట్లో ఉండాలని మీరే కదా చెప్పారు."

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ వదినగారు కూడా కొట్టారు.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు. మాస్టారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

"ఇన్నేళ్ళూ నేను చెప్పింది మిగతా ఆడవాళ్ళ గురించి అనుకున్నానండీ" అన్నారామె.

"వాళ్ళు నిన్ను కూడా అందులో కలిపేశారు" అన్నారు మాస్టారు.

ఆమె రాజీనామా చేద్దామనుకున్నారు. అంతలో కొత్త అధ్యక్షుడైన గర్జన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆయన గొంతు పూర్తిగా పోయింది. పక్కనున్న కార్యదర్శే మాట్లాడాడు: "రేపు కొత్త అధ్యక్షుడి మొదటి సభ. ఆయన బదులు మీరే మాట్లాడాలి వదినగారూ. మీరు తప్ప పార్టీకి దిక్కెవరు?"

వెళ్ళకూడదనుకుంటూనే ఆమె చీర ఇస్త్రీకి తీశారు. ఆ మాట కోసమే ఇన్నేళ్ళు తిరిగారు మరి.

మర్నాడు మైదానం నిండిపోయింది. వదినగారు తన జన్మలో అంత గొప్పగా మాట్లాడలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇళ్ళకి వెళ్తూ దారిపొడుగునా అందరిదీ ఒకటే మాట: కొత్త అధ్యక్షుడు సమర్థుడే, ఆవిడ చేత ఎంత బాగా మాట్లాడించాడు!