కంప్యూటరుకు కాపలా

ఆ ఆదివారం సూపర్‌వైజర్ గారి పథకం చాలా చిన్నది. పొద్దున్నే కంప్యూటర్‌లో ఒక మీట నొక్కడం, ఫలహారం చేయడం, మధ్యాహ్నం కాళ్లు చాపుకుని పడుకోవడం. మీట నొక్కడం వరకు అంతా సవ్యంగానే జరిగింది.

ఆ మీట వెనుక ఆయన భార్య టీచరమ్మ గారి సాయంత్రాలెన్నో ఉన్నాయి. తన తరగతి పిల్లలతో ఆమె గుడ్డబొమ్మల నాటకం ఆడించి, వీడియో తీసి, ముక్కలన్నీ వరసగా పేర్చింది. వాటిని ఒక్క సినిమాగా కూర్చడమే ఇక కంప్యూటర్ పని. సాయంత్రం నాలుగింటిలోగా దాన్ని బాలల నాటకోత్సవానికి పంపితే, వాళ్లకు నచ్చితే, పిల్లలు నిజమైన రంగస్థలం ఎక్కుతారు. పంపలేకపోతే పెద్ద గొడవేమీ లేదు. సోమవారం ఆ పిల్లలందరికీ టీచరమ్మ మొహం చూపించాలి, అంతే.

కంప్యూటర్ పాతకాలపుది. ఏ పనైనా మొదలుపెట్టే ముందు కాసేపు మూలుగుతుంది. ఆ రోజూ మూలిగి, "ఇంకా రెండు గంటలు" అని తెర మీద చూపించింది. భార్యాభర్తలు నిశ్చింతగా వంటింట్లోకి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి తెర నిండా రంగురంగుల చేపలు ఈదుతున్నాయి. సూపర్‌వైజర్ గారు మౌస్ కదిపారు. చేపలు మాయమై, వాటి స్థానంలో "ఇంకా ఐదు గంటలు" అన్న మాట కనిపించింది.

"ఇదేంటండీ, తగ్గాల్సింది పెరిగింది!" టీచరమ్మ గడియారం వంక చూసింది.

సూపర్‌వైజర్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కునుకు తీస్తున్న పనివాడి భుజం తట్టినట్టు మౌస్‌ను అటూ ఇటూ కదుపుతూ, "ఊఁ, కానీ, కానీ" అని గదమాయించారు. అంకె మెల్లగా దిగడం మొదలుపెట్టింది. మంచినీళ్లకని లేచి వెళ్లి వచ్చారు. మళ్లీ చేపలు, మళ్లీ ఐదు గంటలు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ దిగింది.

ఆయన మొహం వెలిగిపోయింది. బిస్కెట్ల ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో జీవితమంతా వెనకాల నిలబడి పని చేయించిన మనిషి ఆయన. చూసేవాడు లేకపోతే ఎవడి చెయ్యీ కదలదన్నది ఆయన సిద్ధాంతం. ఇప్పుడు ఒక యంత్రం కూడా దానికి సాక్ష్యం పలుకుతోంది.

"చూశావటే? మనం ఇటు తిరగ్గానే ఇది పని ఎగ్గొడుతోంది. దీనికి కాపలా కావాలి!"

వెంటనే షిఫ్టులు ఏర్పాటయ్యాయి. మొదటి షిఫ్టు ఆయనది. రెండోది మేడ మీద ఉండే బావమరిదిది. బావమరిది వచ్చాడు, కూర్చున్నాడు, బావగారు చెప్పినట్టే మౌస్‌ను తడుతూ కాసేపు గదమాయించాడు. తర్వాత కాఫీ మీద మనసు పోయింది. కుర్చీ ఖాళీగా కనిపిస్తే ప్రమాదమని, నాటకంలోని రాజు బొమ్మను అందులో కూర్చోబెట్టి, బావగారి కళ్లద్దాలు దాని ముక్కుకు తగిలించి, మెడకు కండువా చుట్టి, పిల్లి అడుగులతో జారుకున్నాడు.

సూపర్‌వైజర్ గారు వచ్చి చూస్తే తెర మీద చేపలు, కుర్చీలో తన కళ్లద్దాలు. మౌస్ కదిపారు. "ఇంకా ఏడు గంటలు."

"బొమ్మని కూర్చోబెడతావా? దానికి తెలిసిపోయిందిరా!" అప్పుడే కాఫీ గ్లాసుతో తిరిగొచ్చిన బావమరిదిని నిలదీశారు.

"ఎలా తెలుస్తుంది బావా? దూరం నుంచి అచ్చం మీలాగే ఉందిగా."

"అది నీకంటే తెలివైంది!"

మధ్యాహ్నం దాటింది. టీచరమ్మ గడియారం వంక చూడటం మానేసి, గోళ్లు కొరుక్కోవడం మొదలుపెట్టింది. చివరికి ఆమె తల్లిని రంగంలోకి దింపారు. అత్తగారు ఒకసారి కూర్చుంటే భూకంపం వచ్చినా లేవరని ఇంట్లో పేరు. అల్లుడు ఆవిడను కుర్చీలో సర్ది, "దాని మీంచి చూపు తిప్పకండి" అని చెప్పి, మొత్తానికి నిశ్చింతగా నడుం వాల్చారు.

లేచి వచ్చేసరికి అత్తగారు కుర్చీలోనే ఉన్నారు, చూపు తెర మీదే ఉంది, మొహంలో చిరునవ్వు కూడా ఉంది. మౌస్ కదిపి చూస్తే, అంకె మాత్రం అంగుళం దిగలేదు.

ఆయన సిద్ధాంతం కాళ్లు విరిగి కూలబడింది. "అత్తయ్యగారూ! నిద్రపోయారా?"

"నిద్రేంటి నాయనా, రెప్ప కూడా వెయ్యలేదు. ఆ పచ్చ చేప ఎంత ముద్దుగా తిరిగిందో! మౌస్ ముట్టుకుంటే పాపం పారిపోతున్నాయి. అందుకే నేను చెయ్యి పెట్టలేదు."

టీచరమ్మ గోళ్లు కొరకడం ఆపింది. చేపలు మళ్లీ రాగానే మౌస్‌ను కదిపింది. చేపలు పోయాయి, కంప్యూటర్ రొద తగ్గింది. చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి చేపలు వచ్చాయి. వాటితోపాటే లోపలి ఫ్యాను గుర్రుమంది.

"ఏవండీ," అంది నెమ్మదిగా, "ఇది పని ఎగ్గొట్టడం లేదు. ఉన్న సత్తువంతా పెట్టి ఈ చేపల్ని ఈదిస్తోంది. సినిమాకి ఇక ఓపికెక్కడిది? ఇంతకీ వీటిని పెట్టిందెవరు?"

బావమరిది బావగారి వంక చూశాడు. అత్తగారు అల్లుడి వంక చూశారు. కుర్చీ పక్కన ఒరిగిన రాజు బొమ్మ కూడా, ఆయన కళ్లద్దాల్లోంచి, ఆయన వంకే చూస్తోంది.

సూపర్‌వైజర్ గారు తన కళ్లద్దాలు వెనక్కి తీసుకున్నారు. "తెర ఊరికే ఖాళీగా ఉంటుంది కదా, ఏదో ఒక పని చేస్తుంటే బాగుంటుందని..."

ఇంకెవరూ ఆగలేకపోయారు. నవ్వుల మధ్యే టీచరమ్మ చేపల్ని పూర్తిగా తీసేసింది. రొద తగ్గింది, అంకె మెట్లు దిగినట్టు చకచకా దిగింది. నాలుగు కొట్టడానికి కాస్త ముందు సినిమా ఇల్లు దాటింది. టీచరమ్మ ఆనందం పట్టలేక ముందు కంప్యూటర్ నెత్తిన, తర్వాత మొగుడి నెత్తిన ఒక్కో ముద్దు పెట్టింది. ఆ వరస ఆయన గమనించారు.

నెల తిరిగేలోగా పిల్లలు నిజమైన రంగస్థలం ఎక్కారు. రాజు బొమ్మకు కొత్తగా కళ్లద్దాలు వచ్చాయి. అది నోరు తెరిచినప్పుడల్లా ముందు వరసలో అత్తగారు అందరికంటే గట్టిగా నవ్వారు.

చేపలు లేక ఆవిడకు తోచడం లేదని, అల్లుడు గాజు తొట్టెలో నిజం చేపలు తెచ్చి పెట్టారు. తాను గదిలో లేనప్పుడు అవి ఈదుతున్నాయో లేదో ఆయన రోజూ తలుపు చాటు నుంచి తొంగి చూస్తున్నారు. ఇంతవరకు ఒక్కటీ పట్టుబడలేదు.