దగ్గు మందు కోసం వచ్చాడట

ఆ ఉదయం వాచీలు బాగుచేసే ఆయన కొట్టు తెరవలేదు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వీధికి అవతల మందుల షాపు నడిపే ఆవిడ దగ్గరికి బయల్దేరాడు. నలభై దాటాక తొలిసారి ఒకరిని, నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడగబోతున్నాడు. తను బాగుచేసిన పాత గోడ గడియారాన్ని ఆవిడకి కానుకగా, ఎడమ చేత్తో వీపు వెనక దాచి పట్టుకున్నాడు.

భయం పుడితే తనకు నోరు పెగలదని ఆయనకు తెలుసు. అలా జరిగితే దగ్గు మందు కొనుక్కుని వచ్చేద్దామనుకున్నాడు. అదీ చాలదనిపించి, తన దగ్గర్నుంచి కబురు రాకపోతే షాపుకి ఫోన్ చేసి నువ్వే అడిగెయ్యమని అక్కను బతిమాలుకున్నాడు. ఇంత పకడ్బందీగా వెళ్తే ధైర్యం రావాలి. తప్పించుకునే దారి ఉందని తెలిసిన కాళ్లు మాత్రం మొదటినుంచీ అటే లాగాయి.

ఆయన షాపు మెట్టెక్కగానే ఆవిడ తలెత్తి చూసింది.

"దగ్గండీ," అన్నాడు.

ఎన్నాళ్లనుంచి, పొడి దగ్గా, కఫం పడుతోందా అని ఆవిడ అడిగింది. ఆయన అంతదూరం ఆలోచించలేదు. నీళ్లు నములుతుంటే నుదుటి మీద చెమటలు పోశాయి. ఆవిడ చప్పున కుడి మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఆవిడ చెయ్యి తగలడంతో ఆ నాడి కాస్తా పరుగు లంకించుకుంది.

"ఎడమ చెయ్యి లాగుతోందా?"

గడియారం బరువుకి నిజంగానే లాగుతోంది. ఒక్క ప్రశ్నకైనా అబద్ధమాడే పని తప్పిందని ఆయన గట్టిగా తలూపాడు.

ఆవిడ మొహం పాలిపోయింది. నోట్లో ఏదో మాత్ర వేసి నమలమంది, అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఏమీ లేదండీ అని ఆయన ఎన్నిసార్లన్నా, గుండెనొప్పి వచ్చినవాళ్లంతా అదే అంటారని స్ట్రెచర్ ఎక్కించారు. ఆవిడ షాపునీ, ఆయన చేతిలోని గడియారాన్నీ పక్కింటి దర్జీకి అప్పగించి, వెంట వచ్చింది. సైరన్ మోతకి ఆయనకు నిజంగానే గుండెలో కలుక్కుమన్నట్టయింది. చచ్చిపోతానేమోనన్న భయం ఒకపక్క, బతికితే ఈవిడకి ఏం చెప్పాలన్న భయం ఇంకోపక్క.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి, మామూలుగానే ఉందన్నారు. అయినా ఎందుకైనా మంచిది, గుండె దాకా సన్నటి గొట్టం పంపి చూద్దామన్నాడు డాక్టరు. ఆయన మంచం కమ్మీ పట్టుకున్నాడు.

అదే సమయానికి అక్క ఏడుస్తూ వచ్చింది. అనుకున్న ప్రకారమే షాపుకి ఫోన్ చేస్తే, దర్జీ ఎత్తి, మీ తమ్ముడికి గుండె ఆగిపోయినంత పనైందని చెప్పాడట. మంచం పక్కన ఆవిడను చూడగానే అక్కకి అంతా అర్థమైపోయింది.

"కాదనేశావా అమ్మా? ఆ మాట కాస్త నెమ్మదిగా చెప్పకపోయావా?"

"నేనేం కాదన్నానండీ?"

అక్క చెప్పేసింది. దగ్గు సంగతి కూడా చెప్పింది. డాక్టరు గొట్టం మాట మళ్లీ ఎత్తలేదు. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆవిడ గొంతు వినిపించింది. "నేను కాదంటే ఏం చేద్దామనుకున్నారు?"

"వేరే ఊళ్లో కొట్టు చూసుకున్నానండీ."

"సరేనంటే?"

ఆయన కళ్లు తెరిచాడు.

"దానికేం అనుకోలేదండీ."

"అయితే ఇప్పుడు అనుకోండి," అంది ఆవిడ.

ఆ తర్వాత తీసిన ఈసీజీ మాత్రం డాక్టరుకి నచ్చలేదు.